ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు మూడు దారులు

2016 అక్టోబర్ 16, ఆదివారం. తెల్లవారుజామున ఢిల్లీలో పైకి లేచిన ఎయిరిండియా బోయింగ్ 777 ఒకటి, అమెరికా వెళ్లే విమానాలు మామూలుగా తిరిగే పడమటి దిక్కుకు కాకుండా తూర్పుకు తిరిగింది. బంగ్లాదేశ్, మయన్మార్, చైనా, జపాన్ దాటింది. పసిఫిక్ మహాసముద్రాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు దాటి శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగింది. మొత్తం 15,300 కిలోమీటర్లు, పద్నాలుగున్నర గంటలు. అప్పటికి ప్రపంచంలో ఎక్కడా ఆగకుండా నడిచే ప్రయాణికుల సర్వీసుల్లో అదే అతి పొడవైనది.

ఆ ముందు వారం దాకా ఇదే సర్వీసు యూరప్, అట్లాంటిక్ మీదుగా నడిచేది. ఆ దారి పొడవు 13,900 కిలోమీటర్లు. అంటే కొత్త దారిలో 1,400 కిలోమీటర్లు అదనం. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి ఉన్న దూరం కంటే ఇది ఎక్కువే. అయినా కొత్త దారిన వెళ్లిన విమానం పాత దారి కంటే దాదాపు రెండు గంటలు ముందే చేరింది. అదే రకం విమానం, అవే ఇంజన్లు.

దూరం పెరిగితే సమయం తగ్గడమేమిటి? మనకు చిన్నప్పటి నుంచి తెలిసిన ‘దూరం, వేగం, కాలం’ లెక్క తప్పిందా? లెక్క తప్పలేదు. అందులో మనం వేసుకునే దూరమూ, వేగమూ విమానానికి వర్తించేవి కావు. విమానానికి వర్తించే దూరం ఏదో, దాన్ని ఎవరు నిర్ణయిస్తారో తెలుసుకోవాలంటే భూమి ఆకారం దగ్గర మొదలుపెట్టి పదకొండు కిలోమీటర్ల ఎత్తున వీచే గాలి దాకా వెళ్లాలి.

దారం చెప్పే దూరం

ఇంట్లో గ్లోబు ఉంటే ఒక దారం తీసుకుని ఒక కొస ఢిల్లీ మీద, రెండో కొస శాన్‌ఫ్రాన్సిస్కో మీద పెట్టి బిగించి లాగండి. దారం పసిఫిక్ మీదకూ పోదు, అట్లాంటిక్ మీదకూ పోదు. నేరుగా ఉత్తరానికి ఎక్కుతుంది. హిమాలయాలు, టిబెట్ పీఠభూమి పడమటి అంచు, తక్లమకాన్ ఎడారి, అల్తాయ్ పర్వతాలు, సైబీరియా దాటి ఆర్కిటిక్ సముద్రంలోకి దిగుతుంది. 75 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటాక మెల్లగా ఒంగి అలాస్కా మీదుగా, కెనడా పడమటి తీరం వెంట కాలిఫోర్నియా చేరుతుంది. గోళం మీద రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దారి ఇదే. భూమిని సరిగ్గా రెండు సగాలుగా కోసే వృత్తంలో ఇదొక ముక్క. అలాంటి వృత్తాన్ని మహావృత్తం అంటారు.

గోడకు వేలాడే ప్రపంచపటం ఈ సంగతి దాచిపెడుతుంది. 1569లో మెర్కేటర్ గీసిన పద్ధతిలో ధ్రువాల దగ్గరి ప్రాంతాలు విపరీతంగా సాగిపోతాయి. ఆ పటం నావికుల కోసం పుట్టింది. దిక్సూచి ఒకే దిక్కు చూపుతుండగా ఓడ సాగే దారి దానిమీద తిన్నని గీతగా కనిపిస్తుంది. ఓడకు అంతకంటే కావలసింది లేదు. అయితే అదే పటం చూస్తూ పెరిగిన మన కళ్లకు ఢిల్లీ నుంచి కాలిఫోర్నియాకు ఆర్కిటిక్ మీదుగా వెళ్లడం చుట్టుదారిలా తోస్తుంది. నిజానికి చుట్టుదారులు మిగతా రెండూ.

దారం పొడవు కొలవకుండా లెక్క కట్టవచ్చు. రెండు నగరాల అక్షాంశాలు, వాటి రేఖాంశాల మధ్య తేడా తెలిస్తే చాలు. పదో తరగతి త్రికోణమితిలోని సైను, కొసైనులతో భూకేంద్రం దగ్గర ఈ రెండు నగరాలు చేసే కోణం వస్తుంది. ఢిల్లీ, శాన్‌ఫ్రాన్సిస్కోలకు అది 111 డిగ్రీల పైచిలుకు. భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు, దాన్ని 360తో భాగిస్తే ఒక్కో డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున పడుతుంది. అలా వచ్చే దూరం సుమారు 12,380 కిలోమీటర్లు. చుట్టుకొలత అంత గుండ్రని అంకె కావడం యాదృచ్ఛికం కాదు. ఫ్రెంచి విప్లవ కాలపు శాస్త్రవేత్తలు ధ్రువం నుంచి భూమధ్యరేఖ దాకా ఉన్న దూరంలో కోటో వంతునే మీటరుగా నిర్ణయించారు. భూమ్మీద ఏ రెండు ఊళ్ల మధ్య దూరమైనా ఆ చుట్టుకొలతలో సగాన్ని, అంటే ఇంచుమించు 20,000 కిలోమీటర్లను మించడం సాధ్యం కాదు.

భూమి నున్నటి గోళం కాదు. మధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 6,378 కిలోమీటర్లు, ధ్రువాల దగ్గర 6,357. ఈ ఇరవై ఒక్క కిలోమీటర్ల తేడావల్ల నగరాల మధ్య దూరాల్లో వచ్చే తప్పు అర శాతానికి మించదు. కానీ ఆ తేడా ఎంతో తేల్చడానికి మనుషులు ప్రాణాలు పెట్టారు. 1802లో మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంట్ వద్ద మొదటి ఆధారరేఖ కొలిచి విలియం లాంబ్టన్ మొదలుపెట్టిన మహా త్రికోణమితి సర్వే, 78 డిగ్రీల రేఖాంశం పక్కగా దక్కన్ మీదుగా ఉత్తరానికి సాగింది. హైదరాబాద్ ఉన్నది దాదాపు ఆ రేఖాంశం మీదే. 1818లో జార్జ్ ఎవరెస్ట్ హైదరాబాద్‌లోనే లాంబ్టన్‌తో చేరాడు. కృష్ణా గోదావరుల నడిమి అడవుల్లో కొలతలు తీస్తూ జ్వరం పాలయ్యాడు. ఆ కొలతల నుంచే 1830లో ఆయన ప్రకటించిన భూమి ఆకారాన్ని మన దేశ పటాలు ఎన్నో దశాబ్దాలు వాడుకున్నాయి. ఆయన పేరు శిఖరానికి ఉండటం అందరికీ తెలుసు. మన అడవుల్లో ఆ బృందం పడిన పాట్లు కూడా అంతగానూ తెలియాల్సినవి.

మహావృత్తం అర్థమైతే ప్రయాణం ఎలా కలుపుకోవాలో కూడా తెలుస్తుంది. హైదరాబాద్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు నేరుగా గీత గీస్తే సుమారు 13,540 కిలోమీటర్లు. ఢిల్లీలో మారితే రెండు ముక్కలూ కలిపి 13,650. అదనం నూరు కిలోమీటర్ల పైచిలుకే, ఎందుకంటే ఢిల్లీ దాదాపు దారిలోనే ఉంది. దుబాయ్‌లో మారితే 15,570, అంటే రెండు వేల కిలోమీటర్లు ఎక్కువ. అయినా మనవాళ్లు ఏటా వేలమంది గల్ఫ్ మీదుగానే వెళుతున్నారు. సర్వీసులు అటే ఎక్కువ, టికెట్ ధరలూ అటే కుదురుతాయి. ఇక్కడిదాకా చెప్పుకున్న దూరాలన్నీ గ్లోబు మీది గీతలే. గీత మీదుగా విమానం పోగలదా అన్నది వేరే సంగతి.

గీత మీద పోలేని చోట్లు

ఢిల్లీ నుంచి దారం చూపే దారిన బయల్దేరితే మొదటి గంటలోనే హిమాలయాలు, ఆ వెంటనే టిబెట్ పీఠభూమి. విమానం పదకొండు కిలోమీటర్ల ఎత్తున ఎగురుతుంది కదా, కొండలు అడ్డమేమిటి అనిపిస్తుంది. అడ్డం కొండ ఎత్తు కాదు, మన ఊపిరి. క్యాబిన్‌లో గాలి పీడనం ఎప్పుడైనా పడిపోతే పైలట్ వెంటనే విమానాన్ని సుమారు మూడు కిలోమీటర్ల ఎత్తుకు, మనిషి మాస్కు లేకుండా ఊపిరి తీసుకోగల చోటుకు దించాలి. నెత్తిమీద నుంచి జారే మాస్కుల్లో ఆక్సిజన్ సాధారణంగా పావుగంట, ఇరవై నిమిషాల పాటే వస్తుంది. టిబెట్ పీఠభూమి సగటు ఎత్తే నాలుగున్నర కిలోమీటర్లు. దిగడానికి చోటే లేదు. అందుకే ఎన్నో విమానాలు ఈ ఎత్తైన నేలను పక్కన పెట్టి, పడమటగా అఫ్ఘానిస్తాన్, మధ్య ఆసియా మీదుగా చుట్టి వెళతాయి.

పీఠభూమి దాటాక ఆర్కిటిక్. 2019 ఆగస్టు 15న ఎయిరిండియా ఢిల్లీ-శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని ధ్రువ ప్రాంతం మీదుగా పంపింది. భారతీయ సంస్థల ప్రయాణికుల విమానాల్లో ఆ దారి పట్టిన మొదటిది అదే. మనం చెప్పుకుంటున్న మూడు దారుల్లో మూడోది, దారానికి అన్నిటికంటే దగ్గరిది. రెండేళ్లు తిరక్కుండానే, 2021 జనవరిలో, శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు మొదటి నాన్‌స్టాప్ విమానాన్ని నలుగురు మహిళా పైలట్లు ఉత్తర ధ్రువం మీదుగా నడిపారు. జోయా అగర్వాల్ నాయకత్వంలోని ఆ బృందంలో కెప్టెన్ పాపగారి తన్మయి ఒకరు. ఆ రెండు నగరాల మధ్య మహావృత్త దూరం 14,000 కిలోమీటర్లకు కాస్త తక్కువ. వాళ్లు ఎగిరింది దాదాపు 16,000 కిలోమీటర్లు, పట్టింది సుమారు పదిహేడు గంటలు.

ధ్రువం మీదుగా వెళ్లడానికి వేరే సంసిద్ధత కావాలి. మన దేశంలో నింపే జెట్ ఎ-1 ఇంధనం మైనస్ 47 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలుపెడుతుంది. అమెరికాలో ఎక్కువగా దొరికే జెట్ ఎ ఇంకా ముందే, మైనస్ 40 దగ్గర. బయట గాలి మైనస్ 65 దాకా పడిపోయే చోటు అది. ట్యాంకులో ఇంధనం చల్లబడుతున్న కొద్దీ పైలట్ ఆ అంకె మీద కన్నేసి ఉంచుతారు. అవసరమైతే కిందికి, కాస్త వెచ్చటి గాలిలోకి దిగుతారు, లేదా వేగం పెంచుతారు. వేగంగా పోతే గాలి ఒత్తిడికే రెక్కల పైపొర కొన్ని డిగ్రీలు వేడెక్కుతుంది. అయస్కాంత ధ్రువం దగ్గర దిక్సూచి పనికిరాదు. భూమధ్యరేఖ పైన నిలిచి ఉండే సమాచార ఉపగ్రహాలు ధ్రువం దగ్గరి వారికి దిగంతం కిందికి పోతాయి. అప్పుడు దిక్కు పాతకాలపు హ్రస్వతరంగ రేడియో. సూర్యుడి మీద తుపాను రేగితే అదీ మూగబోతుంది. అలాంటి రోజుల్లో ధ్రువపు దారి పట్టాల్సిన విమానాలను దక్షిణానికి మళ్లిస్తారు.

అన్నిటికంటే ముఖ్యమైనది, ఇంజన్ మొరాయిస్తే ఎక్కడ దిగాలన్నది. రెండు ఇంజన్ల విమానం ఒక ఇంజన్ ఆగిపోయినా నిర్ణీత సమయంలో చేరగల విమానాశ్రయం ఏదో ఒకటి దారి పొడుగునా ఉండి తీరాలి. 2023 జూన్ 6న ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళుతున్న విమానం ఇంజన్‌లో సమస్య తలెత్తి రష్యా దూరప్రాచ్యంలోని మగదాన్‌లో దిగింది. 216 మంది ప్రయాణికులు, 16 మంది సిబ్బంది ఆ చిన్న ఊళ్లో ఆశ్రయం పొందారు. ముంబయి నుంచి ఇంకో విమానం వెళ్లి జూన్ 8న వాళ్లను గమ్యం చేర్చింది. ఇబ్బంది పడ్డారు, నిజమే. కానీ దిగడానికి అక్కడొక రన్‌వే ఉండటం అదృష్టం కాదు. దారి గీసేటప్పుడే ఆ చోటును లెక్కలో వేసుకుంటారు.

నేల మీద కాదు, గాలిలో

ఇప్పుడు 2016 నాటి చిక్కుముడికి వద్దాం.

విమానానికి నేల లెక్కలేదు. దాని రెక్కలను ఎత్తి పట్టేది గాలి, ఇంజన్లు వెనక్కు నెట్టేదీ గాలినే. పదకొండు కిలోమీటర్ల ఎత్తున ఉష్ణోగ్రత సుమారు మైనస్ 55 డిగ్రీలు. అక్కడ ధ్వని వేగం గంటకు 1,065 కిలోమీటర్లు. బోయింగ్ 777 అందులో 84 శాతం వేగంతో, అంటే గంటకు 900 కిలోమీటర్లతో పోతుంది. ఆ తొమ్మిది వందలు తన చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే. ఆ గాలి కూడా కదులుతుంటే ఆ కదలికను కలపాలి, లేదా తీసేయాలి. పాపికొండలకు వెళ్లిన వాళ్లకు ఇది అనుభవమే. లాంచీ ఇంజన్ ఒకే తీరున కొట్టుకుంటున్నా గోదావరికి ఎదురు వెళ్లేటప్పుడు పట్టినంత సేపు వాలుకు తిరిగొచ్చేటప్పుడు పట్టదు.

అంకెలు చూద్దాం. పసిఫిక్ దారిలో 15,300 కిలోమీటర్లను పద్నాలుగున్నర గంటలతో భాగిస్తే నేలతో పోల్చిన సగటు వేగం 1,055. అంటే గాలి సగటున గంటకు నూటయాభై కిలోమీటర్లకు పైగా ముందుకు నెట్టింది. అట్లాంటిక్ దారిలో 13,900ను పదహారున్నర గంటలతో భాగిస్తే 842. గాలి అరవై దాకా వెనక్కు లాగింది.

ఇదే లెక్కను ఇంకోలా వేస్తే అసలు విషయం తేటపడుతుంది. విమానం తన చుట్టూ ఉన్న గాలిని చీల్చుకుంటూ ఎన్ని కిలోమీటర్లు వెళ్లింది? పసిఫిక్ దారిలో పద్నాలుగున్నర గంటలు, గంటకు 900, మొత్తం 13,050. అట్లాంటిక్ దారిలో పదహారున్నర గంటలు, మొత్తం 14,850. నేల మీద పొడవైన దారి గాలిలో పద్దెనిమిది వందల కిలోమీటర్లు పొట్టిది! ఎక్కడం, దిగడం నెమ్మదిగా జరుగుతాయి కాబట్టి ఈ అంకెలు ఉజ్జాయింపు. తేడా ఎటువైపో మాత్రం సందేహం లేదు. ఇంజన్ కాల్చే ఇంధనం ఈ గాలి కిలోమీటర్లకే. విమాన సంస్థ డబ్బు ఖర్చుపెట్టేదీ, మనం కుర్చీలో గంటలు లెక్కపెట్టేదీ ఈ దూరానికే. రెండు నగరాల మధ్య దూరమెంత అని ఎవరైనా అడిగితే పైలట్ మనసులో ముందు మెదిలే అంకె ఇది.

ఇంతకూ ఆ గాలి పడమటి నుంచి తూర్పుకే ఎందుకు వీస్తుంది? ఈ ప్రశ్న పక్కనే పిల్లలు అడిగే ఇంకో మంచి ప్రశ్న ఉంది. భూమి తూర్పుకు తిరుగుతోంది కదా, హెలికాప్టర్ పైకి లేచి ఊరికే నిలబడితే కింద భూమి తిరిగి అమెరికా తనంతట తానే వస్తుందిగా? రాదు. భూమితో పాటు గాలీ తిరుగుతోంది, ఆ గాలిలోని హెలికాప్టరూ తిరుగుతోంది. ఢిల్లీ నేల తూర్పుకు గంటకు దాదాపు 1,470 కిలోమీటర్ల వేగంతో పోతోంది. అక్కడ నుంచి లేచిన ప్రతి వస్తువుకూ ఆ వేగం ముందే ఉంటుంది.

అయితే ఆ ప్రశ్న వేసిన పిల్లవాడు నిజానికి దగ్గర్లోనే ఉన్నాడు. హైదరాబాద్ అక్షాంశం దగ్గర నేల వేగం 1,595, ఢిల్లీలో 1,470, శాన్‌ఫ్రాన్సిస్కోలో 1,320. ఉత్తరానికి పోయేకొద్దీ వృత్తం చిన్నదవుతుంది, వేగం తగ్గుతుంది. ఉష్ణమండలంలో వేడెక్కి పైకి లేచిన గాలి ఉత్తరానికి పొర్లేటప్పుడు తన తూర్పు వేగాన్ని వెంట తీసుకెళుతుంది. అక్కడి నేల అంత వేగంగా పోవడం లేదు. కాబట్టి గాలి నేలను దాటిపోతుంది. నేల మీద నిలబడి చూసేవాళ్లకు అది పడమటి గాలి. ఉత్తర దక్షిణాల మధ్య చలి వేడిమి తేడా ఎక్కడ ఎక్కువ ఉంటే అక్కడ ఈ గాలి ఇరుకు పాయగా కూడుకుని జెట్ స్ట్రీమ్ అవుతుంది. అది ఉండే ఎత్తు తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్లు, సరిగ్గా మన విమానాలు ఎగిరే పొర. చలికాలంలో సైబీరియా గడ్డకడుతుంది, పసిఫిక్ వెచ్చగానే ఉంటుంది. అందుకే ప్రపంచంలోకెల్లా బలమైన జెట్ స్ట్రీమ్ జపాన్ పైన తయారవుతుంది. జనవరిలో అక్కడ గంటకు మూడు వందల కిలోమీటర్లు దాటిన గాలి అరుదు కాదు.

ఆ గాలిని మొదట కొలిచినదీ జపాన్‌లోనే. 1920లలో తతెనో పరిశోధనశాలలో వసబురో ఓయిషి బెలూన్లు వదిలి, నేల మీది పరికరంతో వాటి వెంట చూపు నడిపి, తొమ్మిది కిలోమీటర్ల ఎత్తున అసాధారణమైన పడమటి గాలి ఉందని కనుక్కున్నాడు. ప్రపంచమంతా చదవాలన్న ఆశతో 1926లో తన నివేదికను ఎస్పెరాంటో భాషలో అచ్చువేశాడు. దేశాలన్నిటికీ ఉమ్మడి భాషగా ఉండాలని తయారుచేసుకున్న భాష అది. ఆ ఆశ నాకు చాలా గౌరవనీయంగా కనిపిస్తుంది. కానీ ఆ భాష చదివేవాళ్లు తక్కువ కావడంతో బయటి ప్రపంచం పట్టించుకోలేదు. ఫలితం 1944 నవంబర్‌లో కనిపించింది. టోక్యో మీద బాంబులు వేయడానికి ఎత్తున ఎగిరి వచ్చిన అమెరికా బి-29 విమానాలను ఊహించని గాలి ఈడ్చుకుపోయింది, గురి కుదరలేదు. అదే కాలంలో జపాన్ సైన్యం ఆ గాలినే నమ్ముకుని బాంబులు కట్టిన తొమ్మిది వేలకు పైగా కాగితపు బెలూన్లను పసిఫిక్ మీదుగా అమెరికాకు వదిలింది. 1945 మేలో ఆరెగాన్ అడవిలో ఒక బెలూన్ బాంబు పేలి గర్భిణి ఒకామె, ఐదుగురు పిల్లలు చనిపోయారు. గాలిని గురించిన జ్ఞానం తొలిసారి వాడకంలోకి వచ్చింది ఇలా.

శాంతికాలంలో దాన్ని లాభంగా మార్చింది పాన్ అమెరికన్ సంస్థ. 1952 నవంబర్‌లో టోక్యో నుంచి హోనొలులుకు ఒక స్ట్రాటోక్రూజర్ విమానాన్ని ఏడున్నర కిలోమీటర్ల ఎత్తున జెట్ స్ట్రీమ్‌లో నడిపితే పద్దెనిమిది గంటల ప్రయాణం పదకొండున్నరకు దిగింది. 2020 ఫిబ్రవరిలో, కియారా తుపాను గాలిని ఆసరా చేసుకున్న ఒక బోయింగ్ 747 న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. నేలతో పోలిస్తే దాని వేగం ఒక దశలో 1,300 కిలోమీటర్లు దాటింది. ధ్వనివేగాన్ని మించిందని పత్రికలు రాశాయి కానీ, గాలితో పోలిస్తే అది మామూలు వేగంతోనే పోయింది.

మన దక్షిణాది మీద వానాకాలంలో ఇందుకు విరుద్ధమైన జెట్ స్ట్రీమ్ ఒకటి ఉంటుంది. అది తూర్పు నుంచి పడమరకు వీస్తుంది. భారత వాతావరణ శాఖకు చెందిన పి. కోటేశ్వరం 1958లో ప్రచురించిన పరిశోధన దాన్ని ప్రపంచానికి స్పష్టంగా చూపింది. వేసవిలో వేడెక్కిన టిబెట్ పీఠభూమికి, చల్లటి హిందూ మహాసముద్రానికి మధ్య పుట్టే గాలి అది. పద్నాలుగు, పదహారు కిలోమీటర్ల ఎత్తున బలంగా ఉంటుంది కాబట్టి విమానాలకు దాని అసలు బలం అందదు. మన నైరుతి రుతుపవనాలకు మాత్రం అది ప్రాణం. 

పోయేటప్పుడు సాయపడిన గాలి వచ్చేటప్పుడు ఎదురవుతుంది కదా, రెండూ చెల్లుకు చెల్లు అనుకోవడం సహజం. చెల్లవు. దూరం 13,000 కిలోమీటర్లు, వేగం 900 అనుకుందాం. గాలి లేకపోతే పోనూ రానూ 28 గంటల 53 నిమిషాలు. గంటకు వంద కిలోమీటర్ల గాలి ఉంటే ఒకవైపు పదమూడు గంటలు, రెండోవైపు పదహారుంపావు. మొత్తం 29 గంటల 15 నిమిషాలు. ఎదురుగాలిలో మనం ఎక్కువ సేపు ఉంటాం కాబట్టి నష్టమెప్పుడూ లాభాన్ని మించుతుంది. దీని నుంచి తప్పించుకునే ఉపాయం ఒక్కటే, రెండువైపులా తూర్పుకే వెళ్లడం. మామూలు నగరాలకు అది అసాధ్యం. ఢిల్లీ, శాన్‌ఫ్రాన్సిస్కో భూగోళానికి దాదాపు అటూ ఇటూ ఉన్నాయి కాబట్టి సాధ్యమైంది. విమానం పసిఫిక్ మీదుగా వెళ్లి, అట్లాంటిక్ మీదుగా తిరిగి వచ్చేది. ప్రతి రానూపోనూ ప్రయాణం ఒక భూప్రదక్షిణ. ఆ దారి గీసినవాళ్ల ఆలోచన చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

ఇంధనం మోయడానికి ఇంధనం

రెండు గంటలు తగ్గితే ఏమొచ్చింది అనుకోకూడదు. ఈ దారిలో నడిచిన బోయింగ్ 777-200ఎల్‌ఆర్ గరిష్ఠంగా 347 టన్నుల బరువుతో నేల విడుస్తుంది. నిండా పోస్తే అందులో 1,80,000 లీటర్లకు పైగా, అంటే దాదాపు 145 టన్నుల ఇంధనం పడుతుంది. మొత్తం బరువులో నలభై శాతం ఇంధనమే! గంటకు ఏడు టన్నులకు పైగా కాలుతుంది. పన్నెండో గంటలో కాలాల్సిన ఇంధనాన్ని మొదటి పదకొండు గంటలూ మోయాలి, మోయడానికి ఇంకొంత ఇంధనం కాల్చాలి. అందుకే దూరం రెట్టింపైతే ఇంధనం రెట్టింపు కంటే ఎక్కువ కావాలి. విమానం తేలికపడిన కొద్దీ పలుచటి గాలిలో, ఇంకాస్త ఎత్తున పోతేనే ఆదా. కాబట్టి దూరప్రయాణాల్లో విమానం మెట్లు మెట్లుగా పైకి ఎక్కుతుంది.

ఇదే రకం విమానం 2005 నవంబర్‌లో హాంకాంగ్ నుంచి పసిఫిక్, అమెరికా, అట్లాంటిక్ దాటి లండన్‌కు 21,602 కిలోమీటర్లు ఆగకుండా వెళ్లింది. 22 గంటల 42 నిమిషాలు పట్టింది. అదీ తూర్పుకే. అందులో పట్టుమని నలభై మంది లేరు. కుర్చీలన్నీ నింపి, సామాన్లన్నీ ఎక్కిస్తే అంత దూరం రాదు.

గడియారం, సరిహద్దు

2016 నాటి ఆ విమానం ఆదివారం తెల్లవారుజామున ఢిల్లీలో లేచి, పద్నాలుగున్నర గంటల తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగితే అక్కడా ఆదివారం తెల్లవారుజామే. మన గడియారాన్ని నడిపేది 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం. కాకినాడ పక్కగా పోయే ఆ గీత ప్రకారం మన సమయం గ్రీనిచ్ కంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. కాలిఫోర్నియా వేసవి సమయం మనకంటే పన్నెండున్నర గంటలు, చలికాలపు సమయం పదమూడున్నర గంటలు వెనక. కాబట్టి గోడ గడియారం చూస్తే ఆ ప్రయాణం రెండు గంటలే. పసిఫిక్ మధ్యలో తేదీ రేఖ దాటినప్పుడు ఒక రోజు వెనక్కు వెళతాం కనుక టోక్యోలో సాయంత్రం ఎక్కినవాళ్లు శాన్‌ఫ్రాన్సిస్కోలో అదే రోజు ఉదయం దిగుతారు. టికెట్ మీది రెండు సమయాలను తీసివేసి ప్రయాణం ఎంతసేపో లెక్కకట్టబోతే ఇక్కడే దెబ్బతింటాం. పైగా టికెట్ మీది సమయాల్లో గేటు నుంచి రన్‌వే దాకా పాకే సమయమూ, ఆలస్యాలకు ముందుగా వదిలిన కొన్ని నిమిషాలూ కలిసి ఉంటాయి.

గాలి, కొండ, ఇంధనం తర్వాత మిగిలింది మనుషులు గీసిన గీతలు. 2019 ఫిబ్రవరిలో పాకిస్తాన్ తన గగనతలం మూసింది, జూలై మధ్యలో తెరిచింది. ధ్రువపు దారిన మొదటి విమానం నెల తిరక్కుండా ఆగస్టు 15న బయల్దేరింది. దాని దారి పాకిస్తాన్, అఫ్ఘానిస్తాన్ మీదుగానే మరి. 2022 నుంచి అమెరికా, యూరప్ విమానాలకు రష్యా గగనతలం లేదు, మన విమానాలకు ఉంది. దాంతో ఒకే రెండు నగరాల మధ్య ఒక సంస్థ విమానానికి ఉన్న దారి ఇంకో సంస్థకు లేకుండా పోయింది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మళ్లీ మన విమానాలకు తలుపు మూసింది. ఢిల్లీ నుంచి ఉత్తర అమెరికాకు ఆగకుండా పోయే కొన్ని విమానాలు వియన్నాలోనో, కోపెన్‌హాగెన్‌లోనో దిగి ఇంధనం నింపుకోవాల్సి వచ్చింది.

ఇన్నిటినీ కలిపి ప్రతి విమానానికీ, ప్రతి రోజూ, బయల్దేరే కొన్ని గంటల ముందు కొత్తగా దారి గీస్తారు. ఆ పని చేసేవారిని డిస్పాచర్లు అంటారు. ఆ రోజుటి గాలి అంచనాలు, ఒక్కో ఎత్తులో వేగం, దిక్కు, ఉష్ణోగ్రత, మూసిన గగనతలాలు, దారిలో దిగగల రన్‌వేలు, అక్కడి వాతావరణం అన్నీ కంప్యూటర్ ముందు పరిచి, తక్కువ గాలి కిలోమీటర్లు ఉన్న దారి వెతుకుతారు. దారి ఖాయం చేసి సంతకం పెట్టేది డిస్పాచరూ, కెప్టెనూ. ఒకే సర్వీసు మంగళవారం అలాస్కా తీరం పక్కనుంచి, బుధవారం అయిదారు వందల కిలోమీటర్లు దక్షిణంగా పోవచ్చు.

ఈసారి దూరప్రయాణం చేసేటప్పుడు ఎదుటి కుర్చీ వెనక ఉన్న తెరమీద సినిమాల నుంచి ఒక్కసారి పటానికి మారండి. గ్రౌండ్ స్పీడ్ అని ఒక అంకె, టెయిల్ విండ్ లేదా హెడ్ విండ్ అని ఇంకో అంకె కనిపిస్తాయి. గ్రౌండ్ స్పీడ్ 1,040, టెయిల్ విండ్ 145 అని ఉంటే మొదటి దాంట్లోంచి రెండోది తీసేయండి, 895 వస్తుంది. హెడ్ విండ్ అని ఉంటే కలపండి, దాదాపు అదే అంకె వస్తుంది. గంటకోసారి రాసుకుంటూ పోతే గాలి మీకు ఎక్కడ సాయపడిందో, ఎక్కడ అడ్డుపడిందో, జపాన్ మీదుగా పోతే అక్కడ అది ఎంత పెరిగిందో మీ కాగితం మీదే కనిపిస్తుంది.